చూసినందుకు డబ్బులివ్వండి, మార్చినందుకు లెక్క అడగండి

పెట్రోల్ కారు మిస్సింగ్ కొడుతోందని, అంటే ఇంజన్లో మధ్యమధ్యలో మంట అంటుకోక కుదుపుతోందని, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లగానే మనలో చాలామంది మొదట అడిగేది ఒకటే: "ఎంతవుతుంది?" బానెట్ ఎత్తకముందే అడుగుతాం. ఏం పోయిందో ఆయనకీ తెలియదు, మనకీ తెలియదు. అయినా మనకి ఒక అంకె కావాలి. ఆయన ఏదో ఒకటి చెప్తాడు, అందులో తన జాగ్రత్త కోసం కాస్త కలుపుకునే చెప్తాడు. ఇక అక్కడి నుంచి లోపం వెతకడం పక్కకి పోయి, చెప్పిన అంకెకి సరిపడా సామాను మార్చడం మొదలవుతుంది.

ఇగ్నిషన్, అంటే ఇంజన్లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించే ఏర్పాటు, దాని రిపేర్లలో మన డబ్బు పోయేది సామాను ధర ఎక్కువై కాదు. బాగున్న సామానుని తీసేసి కొత్తది వేయడం వల్ల పోతోంది. ఇలా జరగడానికి గ్యారేజీలు ఎంత కారణమో మన అలవాటూ అంతే కారణం. లోపం ఎక్కడుందో కనిపెట్టే పనికి డబ్బులివ్వడానికి మనకి మనసొప్పదు. "ఊరికే చూసినందుకు ఐదొందలా?" అని గొడవ పడతాం. అదే మనిషి ఎనిమిది వేల సామాను బిల్లు వేస్తే మాట్లాడకుండా ఫోన్‌పే చేస్తాం. డాక్టరుకి ఫీజు వేరు, మందుల షాపుకి డబ్బులు వేరు అని మనందరికీ తెలుసు. మందులు ఎక్కువ రాస్తే ఎక్కువ మిగిలే డాక్టరు దగ్గరికి తెలిసి తెలిసి ఎవరం వెళ్లం. కారు విషయంలో మాత్రం రోజూ చేస్తున్నది అదే.

ఈ ఇగ్నిషన్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే మిగతాది అర్థమవడం తేలిక. పెట్రోల్ ఇంజన్లో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది. సరిగ్గా సమయానికి స్పార్క్ ప్లగ్గు కొసన నిప్పురవ్వ పుట్టాలి. (డీజిల్‌కి ఈ పని లేదు. గట్టిగా నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది, కాబట్టి ఈ వ్యాసమంతా పెట్రోల్, సీఎన్‌జీ కార్ల గురించే.) బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొసన ఉన్న మిల్లీమీటరు సందుని దాటి రవ్వ పుట్టాలంటే వేల వోల్టులు కావాలి. ఆ 12 వోల్టుల్ని 20 వేలకీ 40 వేలకీ పెంచేది ఇగ్నిషన్ కాయిల్. ఎప్పుడు కొట్టాలో చెప్పేది ఇంజన్ కంప్యూటర్, దానికి లెక్క అందించేది క్రాంక్ షాఫ్ట్ సెన్సర్. ఇప్పటి కార్లలో చాలావాటికి సిలిండర్‌కి ఒక కాయిల్ చొప్పున నేరుగా ప్లగ్గు నెత్తిమీదే ఉంటుంది. ఒక్క బోల్టు విప్పి, వైరు సాకెట్ ఊడదీసి, పైకి లాగితే చేతికొచ్చేస్తుంది.

ఆ ప్లగ్గు చేసే చాకిరీ ఎంతో ఒకసారి లెక్కేసుకుందాం. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు 1,000 సార్లు మెరుస్తుంది. ఊళ్లో ట్రాఫిక్‌తో కలిపి సగటు వేగం గంటకి 30 కిలోమీటర్లు అనుకుంటే, 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి దాదాపు 8 కోట్ల మెరుపులు. అందుకే మామూలు నికెల్ ప్లగ్గుల్ని 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. ఇరిడియం ప్లగ్గులైతే దాదాపు లక్ష దాకా వస్తాయి. మీ కారులో ఏవి ఉన్నాయో, ఎప్పుడు మార్చాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మెకానిక్‌ని అడిగే ముందు ఆ పేజీ చూడండి.

ఇక మా మేనమామగారి కారు సంగతి. ఆయన గుంటూరులో రిటైరైన టీచరు. నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు, 70 వేల కిలోమీటర్లు దాటింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేదు, డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజన్ లైటు వెలిగింది. ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లారు. వాళ్లు కారు కంప్యూటర్లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టి పావుగంటలో ఎస్టిమేట్ చేతికిచ్చారు. కాయిల్స్ నాలుగు, ఒక్కోటి 2,650 చొప్పున 10,600. ప్లగ్గులు నాలుగు, 1,680. ఇంజెక్టర్ క్లీనింగ్ 2,400. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 1,500. ఇంజన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం) 3,500. పెట్రోల్లో పోసే మందు సీసా 650. లేబర్ 2,200. సర్వీసుల మీద 18 శాతం జీఎస్టీ కలిపితే మొత్తం 24,258 రూపాయలు.

ఆ కాగితం పట్టుకుని మామయ్య నాకు ఫోన్ చేస్తే నేను వెళ్లాను. అక్కడి అడ్వైజర్ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "స్కానర్లో ఏ కోడ్ వచ్చింది?" అని అడిగితే పీ0303 అన్నాడు. అంటే మూడో సిలిండర్లో మంట సరిగ్గా అంటుకోవట్లేదని అర్థం. కోడ్ చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని లేకుండా అక్కడోసారి ఇక్కడోసారి మిస్ అవుతోందని.

"మూడో సిలిండర్ ఒక్కటే కదా, మరి నాలుగు కాయిల్స్ ఎందుకు?"

"సెట్‌గా మారుస్తాం సార్. ఒకటి పోయిందంటే మిగతావీ లైన్లో ఉన్నట్టే."

"అసలు పోయింది కాయిలేనని తేలిందా?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నాకు అభ్యంతరం ధర మీద కాదు, ఇక్కడే. పీ0303 అనే కోడ్ కాయిల్ పోయిందని చెప్పదు. మూడో సిలిండర్లో మంట లేదంటే ప్లగ్గు అరిగి ఉండొచ్చు, కాయిల్ పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మకపోవచ్చు, వాల్వ్ సరిగ్గా మూసుకోక కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి, తగ్గి ఉండొచ్చు. స్కానర్ వెతకాల్సిన చోటు చూపిస్తుంది, వెతకాల్సింది మనిషి. ఆ వెతుకులాట జరగకుండానే 24 వేల ఎస్టిమేట్ తయారైంది.

కారుని ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాం. అక్కడి మెకానిక్‌కి యాభై ఏళ్లుంటాయి. మొదటి మాటే ఇది: "మాస్టారూ, చూడ్డానికి ఆరొందలు తీసుకుంటా. ఏమీ మార్చకపోయినా ఇవ్వాలి మరి."

"చూడ్డానికేంటయ్యా డబ్బులు?" అన్నారు మామయ్య.

"చూడ్డమే కదా మాస్టారూ పని. మార్చేది మా చిన్నోడు కూడా మారుస్తాడు."

నేను ఒప్పుకోమన్నాను, ఆయన ఒప్పుకున్నారు. ఆ తర్వాత జరిగింది చెప్తాను, ఎందుకంటే ఇది ఏ ఊళ్లో ఏ షెడ్డులోనైనా మీరు అడిగి చేయించుకోదగ్గ పని. ముందు ఇంజన్ చల్లారేదాకా ఆగాడు. వేడి మీద ప్లగ్గు విప్పితే సిలిండర్ల పైమూత అయిన అల్యూమినియం హెడ్‌లో మరలు పాడవుతాయి. ఈలోగా వైర్లన్నీ టార్చి వేసి చూశాడు. తర్వాత మూడో కాయిల్ తీసి రెండో దాంట్లో పెట్టాడు, రెండో కాయిల్‌ని మూడో దాంట్లో పెట్టాడు. ప్లగ్గుల్ని ముట్టుకోలేదు. స్కానర్లో పాత కోడ్ చెరిపేసి, మమ్మల్ని ఎక్కించుకుని బైపాస్ దాకా వెళ్లొచ్చాడు, ఇంజన్ మీద లోడ్ పడేలా ఎత్తు మీద మూడో గేర్లో లాగించాడు. వెనక్కి వచ్చేసరికి లైటు మళ్ళీ వెలిగింది. ఈసారి కోడ్ పీ0302. కాయిల్‌తో పాటు జబ్బు కూడా రెండో సిలిండర్‌కి వచ్చింది. పోయింది ఆ కాయిలేనని ఇక అనుమానం లేదు.

ఒకవేళ కోడ్ మూడు దగ్గరే ఉండిపోతే? అప్పుడు ప్లగ్గుల్ని అటూ ఇటూ మార్చి చూడాలి. అయినా మూడే అంటే ఇంజెక్టరూ దాని వైరూ చూడాలి, అదీ కాకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టాలి. ఒక్కో మెట్టు దిగుతూ పోవడమే. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 10 నంబర్ స్పానర్, ప్లగ్ సాకెట్, ఒక మామూలు స్కానర్, కాస్త ఓపిక చాలు. అయినా చాలా చోట్ల చేయరు, ఎందుకంటే ఆ గంటన్నరకి బిల్లులో గడి లేదు.

కాయిల్ అడుగున ఉండే పొడుగాటి రబ్బరు తొడుగుని ఆయన మాకు చూపించాడు. నల్లటి రబ్బరు మీద పైనుంచి కిందికి వెంట్రుక మందంలో బూడిదరంగు గీత. కరెంటు ప్లగ్గు కొసకి పోకుండా ఆ గీత వెంట పక్కనున్న లోహానికి దూకుతోంది. తర్వాత మూడో ప్లగ్గు విప్పాడు. విప్పే ముందు గుంతలో ఎయిర్ కొట్టి ఇసక, దుమ్ము ఊదేశాడు, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. ప్లగ్గు నడిమి ముల్లు చదునుగా ఉండాల్సింది పోయి గుండ్రంగా అరిగిపోయింది. ఫీలర్ గేజ్ పెడితే సందు ఉండాల్సిన దానికన్నా బాగా పెరిగింది. సందు పెరిగిన కొద్దీ దాన్ని దాటడానికి కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజీ పుట్టించాలి. 70 వేల కిలోమీటర్లు నికెల్ ప్లగ్గులు మార్చకుండా తిప్పడమే ఆ కాయిల్ ప్రాణం తీసింది. పాత ప్లగ్గుల మీద కొత్త కాయిల్ పెట్టుంటే అదీ తొందరగానే పోయేది.

చివరికి బిల్లు: కాయిల్ ఒకటి 2,650, ప్లగ్గులు నాలుగు 1,680, చూసినందుకు 600, మార్చినందుకు 700. మొత్తం 5,630. కాయిల్ అదే కంపెనీది, ఎంఆర్‌పీ అదే, ప్లగ్గులూ అవే. ఇంజెక్టర్లూ థ్రాటిలూ ముట్టుకునే అవసరమే రాలేదు. రెండు బిల్లుల మధ్య తేడా 18 వేలకి పైనే. ఆ తేడా అంతా తేల్చుకోకుండా మార్చేద్దామన్న దానికి ధర.

అయితే సర్వీస్ సెంటర్లలో అందరూ దొంగలని నేను అనను. ఆ అడ్వైజర్ కుర్రాడికి రోజుకి ఇన్ని కార్లు బయటికి పంపాలన్న లెక్క ఉంటుంది. ఒక కాయిల్ మార్చి పంపాక ఆర్నెల్లకి ఇంకోటి పోతే "మొన్నే కదా మార్చారు" అని కస్టమర్ వచ్చి అరుస్తాడు. ఆ మాట పడకుండా నాలుగూ మార్చేయడం వాళ్లకి క్షేమం. ఆ క్షేమానికి డబ్బు కట్టేది మాత్రం మనం. అలాగే షెడ్డు మెకానిక్‌లందరూ సత్యహరిశ్చంద్రులనీ అనను. కొత్తది వేశానని సెకండ్ హ్యాండ్ కాయిల్ వేసేవాళ్లున్నారు, నకిలీ ప్లగ్గులు పెట్టేవాళ్లున్నారు. ఏ షాపైనా నేను చూసేది ఒక్కటే: లోపం ఫలానా దాంట్లో ఉందని నాకు చూపించగలరా లేదా. చూపించగలిగితే కాస్త ఎక్కువ తీసుకున్నా నాకు బాధ లేదు.

ఈ ఉచితంగా చూడటమనే అలవాటు ఎక్కడిదో ఆలోచిస్తే నాకు పాత కార్ల కాలం గుర్తొస్తుంది. అంబాసిడర్లూ, కార్బురేటర్ మారుతి 800లూ తిరిగిన రోజుల్లో ఇగ్నిషన్ అంటే ఒక డిస్ట్రిబ్యూటర్, పాయింట్లు, కండెన్సర్, రోటర్, ప్లగ్గు వైర్లు. మెకానిక్ చెవి పెట్టి వినేవాడు, ఉప్పు కాగితంతో పాయింట్లు రుద్దేవాడు, కండెన్సర్ మార్చి చూసేవాడు. గురి తప్పినా పోయేది కొద్ది డబ్బే, అందుకే చూడటానికి వేరే రేటు పెట్టాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు ఒక్కసారి గురి తప్పితే పోయేది రెండున్నర వేలు. పైగా స్పేర్ పార్ట్స్ షాపుల్లో ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగిస్తే వాపసు తీసుకోరు. విజయవాడ ఆటోనగర్ అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా, హైదరాబాద్ పుత్లీబౌలి అయినా కౌంటర్ దగ్గర చెప్పేది ఇదే. అంటే మెకానిక్ అంచనా తప్పితే ఆ కాయిల్ డబ్బు మన నెత్తినే పడుతుంది. కార్లు మారాయి, సామాను ధరలు మారాయి, బేరం ఆడే పద్ధతి మాత్రం మనం మార్చుకోలేదు.

నాలుగూ మార్చాలా ఒకటే మార్చాలా అన్నదానికి నా జవాబు: ప్లగ్గులైతే ఎప్పుడూ నాలుగూ. అవి కలిసి అరుగుతాయి, ధర తక్కువ, కిలోమీటర్ల లెక్క ఉంది. కాయిల్స్‌కి అలాంటి లెక్క లేదు. కొన్ని కారు జీవితమంతా పనిచేస్తాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ మీద కాయిల్ మార్చడం పది నిమిషాల పని కాబట్టి, రేపు ఇంకోటి పోతే రేపే మార్చుకోవచ్చు, ఇవాళ ముందుగా మార్చి ఆదా చేసే లేబర్ ఏమీ లేదు. ఆరు సిలిండర్లు రెండు వరసల్లో ఉండే వీ6 ఇంజన్ల సంగతి వేరు. వాటిలో కొన్నింటికి వెనక వరస ప్లగ్గులు అందాలంటే గాలి ఇంజన్లోకి వెళ్లే గొట్టాలుండే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి, అదే సగం రోజు పని. అంత విప్పాక అటువైపు ప్లగ్గులన్నీ, అనుమానంగా ఉన్న కాయిల్స్ కూడా మార్చేయడమే తెలివి.

కాయిల్ పోయిందని తేలాక కూడా ఎందుకు పోయిందో అడగండి. ప్లగ్గు గుంతలో ఆయిల్ ఉంటే ఇంజన్ పైమూత అంచున ఆయిల్ కారకుండా ఉండే పట్టీ, అదే వాల్వ్ కవర్ గ్యాస్కెట్, కారుతోందని, ఆ ఆయిల్‌లో నానిన రబ్బరు మెత్తబడి చెడిపోతుంది. గ్యాస్కెట్ మార్చకుండా కాయిల్ మారిస్తే మళ్ళీ అదే కథ. నీళ్లుంటే మొన్న వాటర్ సర్వీసింగ్‌లో ఇంజన్ మీద ప్రెషర్ పైపు పెట్టారేమో గుర్తు చేసుకోండి. ఆరబెడితే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా సర్దుకుంటుంది. సీఎన్‌జీ కార్లవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. గ్యాస్ అంటుకోవడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి వాటిలో ప్లగ్గులూ కాయిల్సూ తొందరగా అలిసిపోతాయి. పెట్రోల్ మీద బాగుండి గ్యాస్ మీదకి మార్చగానే జర్క్ ఇస్తుంటే ముందు ప్లగ్గుల వయసు చూడాలి, గ్యాస్ కిట్ విప్పడం తర్వాత.

ఎలుకల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఇగ్నిషన్ గొడవల్లో వీటి వాటా తక్కువేం కాదు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టిన కారు బానెట్ కింద గూడు, కాయిల్ సాకెట్‌కి వచ్చే వైరు కొరికేసి రాగి తీగ బయటికి. ఇలాంటప్పుడు కొన్నిచోట్ల "హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలి" అంటారు, అది వేలల్లో, కొన్ని కార్లకి పదుల వేలల్లో ఉంటుంది. కొరికింది రెండు మూడు వైర్లే, అదీ సాకెట్‌కి కాస్త దూరంలో అయితే, మంచి ఆటో ఎలక్ట్రీషియన్ అదే మందం వైరు కలిపి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేసి వెయ్యి రూపాయల లోపో కాస్త పైనో ముగిస్తాడు. ఇన్సులేషన్ టేప్ చుట్టి పంపేవాడి దగ్గర మాత్రం చేయించకండి, ఇంజన్ వేడికి ఆ జిగురు కరిగిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లు కొరికితే మాత్రం ఈ సలహా వర్తించదు, అవి కంపెనీ పద్ధతిలోనే చేయాలి. కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉంటే, వైర్లు కోసే ముందే ఫోటోలు తీసి కంపెనీకి ఫోన్ చేసి అడగండి. పాలసీని బట్టి ఎలుకల నష్టానికి డబ్బులు రావొచ్చు.

ఇంకో మాట, బండి అసలు స్టార్టే అవనప్పుడు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు అంటే నాలుగు కాయిల్సూ ఒకేసారి చచ్చిపోయి ఉండే అవకాశం బహు తక్కువ. ఫ్యూజు, రిలే, పెట్రోల్ పంపు, క్రాంక్ సెన్సర్, తాళంచెవిని గుర్తుపట్టకపోతే ఇంజన్ని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఇవన్నీ ముందు చూడాలి. ఇలాంటి కారుకి నాలుగు కాయిల్స్ అమ్మజూపే మనిషి దగ్గర నుంచి కారు టోయింగ్ చేయించుకుని వెళ్లినా మీకే లాభం. సెల్ఫే తిరక్కుండా టక్ టక్ అంటుంటే చాలాసార్లు బ్యాటరీ, లేదా దాని టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి పొడి.

ఇలా నింపాదిగా తేల్చుకోమంటున్నాను కదా అని మిస్సింగ్ కొడుతున్న కారుని వారాల తరబడి తిప్పకండి. ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడిపి మెకానిక్ దాకా వెళ్లొచ్చు. అదే మిణుకు మిణుకుమంటుంటే మాత్రం పక్కకి తీసి ఆపండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ కరిగిపోతుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలుంటాయి కాబట్టి ధర పదుల వేలల్లో ఉంటుంది. 2,650 రూపాయల కాయిల్ దగ్గర బేరమాడుతూ పది రోజులు తిప్పితే వచ్చే బిల్లు అది.

సామాను విషయంలో మనకి చట్టం ఇచ్చిన ఒక ఆయుధం డబ్బా. ప్యాకెట్లో వచ్చే స్పేర్ పార్టు మీద ఎంఆర్‌పీ, తయారీదారు పేరు, నెల, సంవత్సరం ఉండాలి. ఎంఆర్‌పీ దాటి అమ్మడం నేరం. కాబట్టి "కొత్త కాయిల్ వేశాం" అంటే డబ్బా అడగండి, పాత కాయిల్ కూడా అడిగి తెచ్చుకోండి. ఈ రెండూ ఇవ్వని చోటికి నేను మళ్ళీ వెళ్లను. కారు కంపెనీ ముద్ర ఉన్న ప్లగ్గు చాలాసార్లు ఎన్‌జీకే, బాష్, డెన్సో లాంటి వాళ్లు చేసినదే. అదే రకం, అదే నంబరు ఉన్న ప్లగ్గుని ఆ తయారీదారు డబ్బాలోనే కొంటే కాస్త తక్కువకి రావొచ్చు. నంబరు మాత్రం ఒక్క అక్షరం కూడా తేడా ఉండకూడదు, ఆ అక్షరాల్లోనే ప్లగ్గు ఎంత వేడిని తట్టుకుంటుందో, మరల పొడవెంతో ఉంటాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. ఇప్పటికీ పాత రేటు వేసిన బిల్లు చేతికిస్తే అడగాల్సిందే.

బయటి మెకానిక్‌కి సామానూ సమాచారమూ దొరకడం మీద మన దేశంలో పెద్ద గొడవే నడిచింది. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ న్యాయంగా జరిగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. అసలు విడిభాగాలూ, రిపేరు సమాచారమూ, లోపాలు కనిపెట్టే పరికరాలూ బయటి గ్యారేజీలకి అందకుండా చేస్తున్నారన్నది అందులో ప్రధాన విషయం. తర్వాత అప్పీళ్లూ కోర్టులూ నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది, అందులో వాహనాల విభాగం ఉంది. ఈ పోరాటమంతా దేనికంటే, మా ఆటోనగర్ మెకానిక్ లాంటివాడికి కూడా కంపెనీవాడికి తెలిసినంత తెలిసే వీలుండాలని. అలా తెలుసుకుని, స్కానర్ కొనుక్కుని, గంటన్నర కూర్చుని లోపం పట్టుకున్నవాడికి మనం "చూడ్డానికేంటి డబ్బులు" అంటే ఇక అతను సామాను మీదే సంపాదించుకోవాలి, వేరే దారి లేదు. వారంటీ ఉన్న కారు మాత్రం తిన్నగా కంపెనీకే తీసుకెళ్లండి. కాయిల్ సాధారణంగా వారంటీలో వస్తుంది, ప్లగ్గులు అరిగే సామాను కాబట్టి రావు.

ఎంతైతే న్యాయం అని అడిగితే, మా వైపు మామూలు చిన్న కార్లకి నేను ఇవ్వడానికి సిద్ధపడే రేట్లు ఇవి. స్కానర్ పెట్టి, కాయిల్ అటూ ఇటూ మార్చి, నడిపి చూసి తేల్చినందుకు 500 నుంచి 1,000. నికెల్ ప్లగ్గులు ఒక్కోటి 150 నుంచి 450, ఇరిడియం 500 నుంచి వెయ్యి, కారుని బట్టి ఇంకాస్త. కాయిల్ ఒకటి 1,500 నుంచి 3,500. ప్లగ్గులూ కాయిలూ మార్చినందుకు 400 నుంచి 1,000. మరలు పాడవకుండా టార్క్ రెంచితో బిగించేవాడికి పై రేటు ఇస్తాను, ఎందుకంటే ప్లగ్గు మర తెగితే హెడ్ పని వేలల్లో ఉంటుంది. జర్మన్ కార్లకి ఈ లెక్కలు పనికిరావు. ఇంజెక్టర్ క్లీనింగ్, డీకార్బనైజింగ్ అనేవి లోపం అక్కడే ఉందని చూపించినప్పుడు చేయించాల్సిన పనులు, కాయిల్ పోయిన కారుకి తాంబూలంలో పెట్టి ఇచ్చేవి కావు.

పాత కారుకి ఇంత పెట్టాలా అని అడిగేవాళ్లకి: లక్షన్నర విలువ చేసే కారైనా ఇగ్నిషన్ రిపేరు వరకైతే పెట్టొచ్చు. ఐదారు వేలతో బండి మళ్ళీ సరిగ్గా నడుస్తుంది. కానీ లక్షన్నర కిలోమీటర్లు దాటి, ఆయిల్ తాగుతూ, ప్లగ్గు విప్పితే జిడ్డుగా నల్లగా వస్తుంటే, ఏ కాయిలూ కొనక ముందే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్‌కి మామూలుగా గేజ్ మీద ఒత్తిడి 150 నుంచి 200 పీఎస్‌ఐ వస్తుంది, సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం మించకూడదు. మూడింటికి 170 వచ్చి ఒకదానికి 90 వస్తే ఆ సిలిండర్‌కి కొత్త ప్లగ్గు పెట్టినా, కొత్త కాయిల్ పెట్టినా మిస్సింగ్ ఆగదు. అప్పుడు ఆలోచించాల్సింది ఇంజన్ పని చేయించాలా, కారు అమ్మేయాలా అని. టెస్టుకి అయ్యే వెయ్యి రూపాయలు ఆ నిర్ణయానికి ఖర్చు.

డబ్బులిచ్చే ముందు బిల్లు చదవండి. "ఇంజన్ వర్క్ – 9,000" అని ఒక్క ముక్క రాసి ఉంటే విడదీసి రాయమనండి: ఏ సిలిండర్, ఏ సామాను, దాని నంబరు, ధర, లేబర్, మీటర్ మీద కిలోమీటర్లు, సామానుకి ఎన్నాళ్ల గ్యారంటీ. చెప్పకుండా మార్చిన దానికి డబ్బు అడిగితే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫిర్యాదు ఫీజు లేదు. అక్కడ మొదట అడిగేది ఆ విడదీసి రాసిన బిల్లే. అందుకని "ప్రింటర్ పనిచేయట్లేదు సార్, రేపు వాట్సాప్ చేస్తాం" అంటే, అక్కడే కూర్చుని రాయించుకునే రండి.